డ్రాఫ్టక్క లైసెన్సు

లాయరు లైసెన్సు పరీక్ష నేను మొదటిసారే ప్యాసయ్యాను. పన్నెండో ర్యాంకు. పెద్దాయన అని అందరూ పిలిచే ఒక సీనియరు లాయరు ఆఫీసులో జూనియరుగా చేరిన మూడోరోజు ఒక దర్జీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇంటి యజమాని అతని కొట్టుకి తాళం వేసేశాడట. లోపల పదిహేడు మంది బట్టలు ఇరుక్కుపోయాయట. పెద్దాయన కోర్టులో ఉన్నారు.

"మీరూ లాయరేగా, ఏదో ఒకటి చెయ్యండమ్మా" అన్నాడతను.

యజమాని అలా తాళం వేయకూడదని చెప్పే సెక్షను నంబరు నాకు తెలుసు. దాని కింద ఉన్న మూడు మినహాయింపులూ తెలుసు. ఆ నంబరు పట్టుకుని ఏ గదికి వెళ్లాలో, ఏ కాగితం మీద ఏం రాసి ఎవరి ముందు పెట్టాలో మాత్రం తెలియదు.

వెనక గదిలోంచి ఒకావిడ వచ్చింది. ముప్పై నాలుగేళ్లుంటాయి. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, చేతి మణికట్టుకి గుడ్డ పట్టీ చుట్టుకుని ఉంది. దర్జీని కూర్చోమంది. అద్దె రసీదులున్నాయా, తాళం వేయడం ఎవరైనా చూశారా, కుట్టు మిషను ఎవరి పేరు మీద ఉంది అని నాలుగైదు ప్రశ్నలడిగింది. అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఈవిడ లేచి వెళ్లి టైపు చేయడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో పిటిషను, దానికో ప్రమాణపత్రం, అత్యవసరమని ఇంకో కాగితం. మూడూ నా చేతిలో పెట్టింది.

"రెండో అంతస్తులో ఎడమవైపు చివరి కౌంటరు. పన్నెండింటికి మూసేస్తారు. 'ఈరోజే బెంచి మీదికి వెళ్లాలి' అని గట్టిగా అడుగు, లేకపోతే రేపటి కట్టలో పడేస్తారు. పరుగెత్తమ్మాయ్!"

పరుగెత్తాను. సాయంత్రానికి తాళం తీశారు. దర్జీ నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం నాది కాదని అతనికి చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆవిడను అందరూ డ్రాఫ్టక్క అనేవారు. ఆఫీసు జూనియర్లే కాదు, చుట్టుపక్కల భవనాల్లోని లాయర్లు కూడా. ఇరవై రెండేళ్ల వయసులో టైపిస్టుగా ఆ ఆఫీసులో చేరింది. చెప్పుల దుకాణం పైన మూడు గదులు. ఆవిడ కూర్చునే వెనక గదికి ఉన్న ఒక్క కిటికీ పక్క భవనం ఏసీ యంత్రాల మీదికి తెరుచుకుంటుంది, అందుకని ఎప్పుడూ మూసే ఉంచేది. మొదట్లో పెద్దాయన చెప్పింది చెప్పినట్టు కొట్టేది. తర్వాత తర్వాత ఆయన సగం వాక్యం చెప్పి ఆగితే మిగతా సగం ఈవిడే పూర్తిచేసేది. ఇంకొన్నాళ్లకు ఆయన ఆ సగం కూడా మానేశారు. "ఏమ్మా, ఆ మెట్ల గోడ కేసు సంగతి కాస్త చూడు" అనేవారు. అంతే. సాయంత్రానికి డ్రాఫ్టు బల్ల మీద ఉండేది, ఆయన సంతకం పెట్టేవారు.

సాయంత్రం కాలేజీలో చేరి ముప్పై ఒకటో ఏట లా డిగ్రీ తెచ్చుకుంది. అప్పటికి పెళ్లయి, మూడేళ్ల కూతురుంది. ఇక మిగిలింది లైసెన్సు పరీక్ష ఒక్కటే. అదెంత, అనుకున్నారు అందరూ. ఆవిడ కూడా అనుకుంది.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. రెండు రోజులు. షటిల్ ఆడే పెద్ద హాల్లో బల్లలు వేసి, ఒకేసారి తొమ్మిది వందల మందిని కూర్చోబెట్టేవారు. మొదటిరోజు రెండు వందల ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, నిమిషానికి ఒకటి చొప్పున పెట్టుకుంటూ పోవాలి. రెండోరోజు ఆరు వ్యాసాలు. పుస్తకం తెరవకూడదు. ఏ సెక్షను, ఏ ఉపసెక్షను, ఏ సంవత్సరం సవరణ, అన్నీ తలలో ఉండాలి. నిజానికి కోర్టులో పుస్తకం చూడకుండా సెక్షను చెబితే జడ్జిగారు ముందు అనుమానంగా చూస్తారు. ఇక్కడ చూసి చెబితే డిబార్ చేస్తారు.

డ్రాఫ్టక్క మొదటిసారి మూడు మార్కుల్లో పోయింది. రెండోసారి ఎనిమిది. మూడోసారి ఒక్కటంటే ఒక్కటి. నాలుగోసారి కూతురికి కామెర్లు, హాస్పిటల్లోంచే హాలుకి వెళ్లింది, పదకొండు మార్కులు తగ్గాయి. మధ్యలో రెండేళ్లు ఫారమే నింపలేదు. ఫలితాలు వచ్చిన రోజున కూడా పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో ఉండేది. ఆరోజు మేమందరం పిల్లి అడుగులు వేస్తూ తిరిగేవాళ్లం. "ఎందుకర్రా అలా నడుస్తారు, నేనేం పోయానా? ఆ ప్రింటరులో కాగితం ఇరుక్కుంది, ఎవరైనా లాగండి" అనేది.

ఒకసారి అడిగాను, అసలు ఎక్కడ తేడా కొడుతోందని.

"నాలుగు జవాబులిస్తారా? వాటిలో రెండు నిజమేననిపిస్తుంది. అద్దెదారు రసీదు తీసుకున్నాడా లేదా, వాళ్లు చెప్పరు. రసీదుంటే 'బి', లేకపోతే 'డి'. నేను రసీదు కోసం వెతుకుతూ కూర్చుంటాను. పక్కన కుర్రాడు ఈలోపు నాలుగు పెట్టేస్తాడు."

"మరి పెట్టెయ్యొచ్చుగా అక్కా?"

"పెట్టేస్తున్నా. తప్పువే పెడుతున్నా" అని నవ్వింది. నవ్వి కళ్లజోడు తీసి, ముక్కు మీద పడ్డ గుంటల్ని రెండు వేళ్లతో నొక్కుకుంది. అలసట వచ్చినప్పుడల్లా అలా చేసేది.

ఆరేళ్ల తర్వాత నేను ఆ ఆఫీసు వదిలి సొంతంగా రెండు గదులు తీసుకున్నాను. నాకు పని వచ్చిందంటే ఆవిడ నేర్పిందే. పెద్దాయన నేర్పింది కోటు ఎలా తొడుక్కోవాలో.

మరో మూడేళ్లకు పెద్ద గొడవ లేచింది. పరీక్షలో రెండో ర్యాంకు తెచ్చుకున్న ఒక కొత్త లాయరు, గోడ కూలి కాలు పోగొట్టుకున్న కూలీ కేసు తీసుకుని, దాఖలు చేయాల్సిన గడువు దాటబెట్టాడు. గడువు ఎన్ని రోజులో అతనికి తెలుసు. ఏ రోజునుంచి లెక్కపెట్టాలో తెలియదు. ఆ కూలీకి రావాల్సిన పరిహారం గాల్లో కలిసిపోయింది. తీర్పులో జడ్జిగారు, ఇలాంటివాళ్లకు లైసెన్సులిచ్చి జనం మీదికి వదులుతున్నది ఎవరు అని అడిగారు. పత్రికలన్నీ అదే ప్రశ్న పట్టుకున్నాయి. తప్పనిసరై లైసెన్సు మండలి ఒక సంస్కరణ కమిటీ వేసింది. అధ్యక్షురాలు ఒక రిటైరైన మహిళా జడ్జి. గట్టి మనిషి, వినేటప్పుడు కళ్లు మూసుకుంటుంది, నిద్రపోయిందనుకుని ఎవరైనా నాన్చితే దొరికిపోతారు. నోట్సు రాయడానికి ఒకరు కావాలంటే నన్ను కార్యదర్శిగా వేశారు.

కమిటీ మొదట చేసిన పని, పదేళ్ల అనుభవం దాటిన లాయర్లలో ఇష్టమైనవాళ్లను పిలిచి అదే పరీక్ష పెట్టడం. ఇరవై ఒక్క మంది వచ్చారు. ఆరుగురు గట్టెక్కారు. పెద్దాయనను కూడా పిలిచాం. ఆరోజు ఆయనకు జ్వరం. రెండో పని, ఒకే వ్యాసాన్ని ఐదుగురు వేరువేరు పరీక్షకులతో దిద్దించడం. ఒకరు ముప్పై ఒకటి వేశారు, ఇంకొకరు యాభై రెండు. అది చూసినప్పుడు నాకు ఆవిడ పోగొట్టుకున్న ఆ ఒక్క మార్కు గుర్తొచ్చింది. ఆరోజు నోట్సులో రెండు వాక్యాలు తప్పు రాసి కొట్టేశాను.

ఆ ఏడే డ్రాఫ్టక్క ఏడోసారి రాసింది. నాలుగు మార్కుల్లో పోయింది. ఆవిడకు నలభై మూడు.

మా ఆలోచన ఇలా సాగింది. పరీక్ష ఉండాలి, కానీ పుస్తకం తెరిచి, నిజం కేసు కట్టలాంటిది చేతికిచ్చి రాయించాలి. అదొక దారి. రెండో దారి, ఒక సీనియరు దగ్గర రెండేళ్లు పనిచేసి, చేసిన పనినే చూపించి లైసెన్సు తెచ్చుకోవడం. దీన్ని పత్రికల్లో ప్రకటించి అభ్యంతరాలుంటే రాయమన్నాం. ముప్పైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. చాలావరకు ప్రమాణాలు మంటగలిసిపోతాయనే ఏడుపు. ఒకటి మాత్రం వేరుగా ఉంది. లాయర్ల సంఘం నుంచి వచ్చింది, కింద అధ్యక్షుడి హోదాలో పెద్దాయన సంతకం. పదకొండు పేరాలు. ఒక్కో పేరాలో ఒక్కటే మాట, అది పూర్తయ్యేదాకా ఇంకోటి ఎత్తుకోదు.

ఏడో పేరా దగ్గర అధ్యక్షురాలు కళ్లు తెరిచి, మళ్లీ చదవమంది. చదివాను. "శిష్యుని పనిమీద ఆధారపడిన సీనియరుకు, ఆ శిష్యుడు లాయరు కాకుండా ఉండటమే లాభం. సంతకం పెట్టనని ఆయన ఎన్నడూ అనడు. ఇంకొంచెం నేర్చుకోమంటాడు. అలా ఎన్నేళ్లయినా అనవచ్చు. దీనికి ప్రతిపాదనలో ఎక్కడా విరుగుడు లేదు."

"ఈ ఉత్తరం రాసినాయన అవతలి పక్షంలో ఎందుకున్నాడు?" అంది అధ్యక్షురాలు.

నాకు రాసిందెవరో అర్థమైంది. ఆరేళ్లు ఆ వాక్యాల కింద పెరిగినదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం పాత ఆఫీసుకి వెళ్లాను. భోజనం వేళ. డ్రాఫ్టక్క డబ్బా మూత తీసి, తినకుండా ఒక కట్టలో పేజీ నంబర్లు వేస్తోంది.

"సంఘం ఉత్తరం మీరే రాశారు కదా?" అన్నాను.

"ఆయన ఒక పేజీ రాసిచ్చారు. 'ప్రమాణాలు' అన్న మాట తొమ్మిదిసార్లుంది అందులో. అలా పంపితే ఆయన పరువేం కాను? కాస్త సరిచేశాను."

"కాస్త సరిచేశారా! అక్కా, మీ దారికి మీరే గోడ కట్టారు."

"కేసు ఇచ్చారు, డ్రాఫ్టు చేశాను. కేసు నచ్చితేనే డ్రాఫ్టు బాగా చేస్తానంటే ఈ ఆఫీసులో నెల రోజులుండేదాన్ని కాదు."

"ఏడో పేరా కూడా ఆయన చెప్పిందేనా?"

పేజీ నంబర్లు వేయడం ఆపింది. "చదివి సంతకం పెట్టారు" అంది. "బావుందన్నారు కూడా."

కిటికీ అవతల ఏసీలు రొద పెడుతున్నాయి. నేను వచ్చిన పని చెప్పాను. వచ్చే నెల బహిరంగ విచారణ ఉంది, పరీక్ష రాసినవాళ్ల తరఫున మీరు వచ్చి మాట్లాడాలి అని.

"నావల్ల కాదమ్మాయ్. పన్నెండేళ్ల క్రితం అడగాల్సింది. అప్పుడైతే కడిగేసేదాన్ని. ఇప్పుడు వచ్చి నీ బాధేంటో చెప్పుకో అంటే, ముందు గుర్తు తెచ్చుకోవాలి, తర్వాత బాధపడాలి, తర్వాత చెప్పాలి. మూడు పనులు. అంత ఓపిక లేదు."

నేను లేచి వచ్చేశాను. ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో తర్వాత వాళ్లాయన చెబితే తెలిసింది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. మాటలు తక్కువ, చేతులకి ఎప్పుడూ గ్రీజు. వాళ్లింట్లో ఉన్నది ఒకటే బల్ల. దానికి ఒకవైపు పదిహేనేళ్ల కూతురు స్కూలు పరీక్షలకి, ఇంకోవైపు ఈవిడ లైసెన్సు పరీక్షకి చదివేవారు. ఆరోజు సాయంత్రం ఈవిడ విచారణ సంగతి ఏదో మామూలు విషయంలా చెప్పి, వెళ్లడం లేదంది.

"నాకు లైసెన్సు ఎలా ఇచ్చారో తెలుసా నీకు?" అని అడిగాడట ఆయన.

"పదహారేళ్ల నుంచి చెబుతూనే ఉన్నారుగా."

"మళ్లీ చెబుతా, విను. ఇన్‌స్పెక్టరు ఆగిపోయిన లిఫ్టు చూపించి, బాగుచెయ్యి అన్నాడు. నేను పైనుంచి కిందికి దిగుతుంటే తనూ నా వెనకే దిగాడు. ఏ తీగ ముందు పట్టుకుంటున్నానో చూశాడు. కరెంటు ఆపానా లేదా, అదీ చూశాడు. బాగుచేశాక, ఎక్కి పైకి వెళ్దాం పద అన్నాడు. నేను బాగుచేసిన లిఫ్టులో వాడే ఎక్కాడు! అంతకంటే పరీక్షేముంటుంది? లిఫ్టుని ఎవరు ఏ సంవత్సరంలో కనిపెట్టారో అడిగుంటే నేను ఇవాళ్టికీ స్పానర్లు అందిస్తూ ఉండేవాణ్ణి."

"అమ్మా, నువ్వు వెళ్లకపోతే నేనెళ్లి చెప్తా" అందట కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే. "ఏడుసార్లూ నిద్ర లేకుండా చేసింది నన్నే."

విచారణ పాత మున్సిపల్ భవనంలో జరిగింది. పొడుగాటి గది, తిరిగే ఫ్యాన్లు రెండు, తిరగనివి నాలుగు. రెండు వందల మంది దాకా వచ్చారు. మూడో వరసలో డ్రాఫ్టక్క కనిపించింది. ఇస్త్రీ చేసిన బట్టలు, ఒళ్లో సంచీ. చేతిలో కాగితమేమీ లేదు.

ముందు పెద్దాయన లేచారు. చక్కటి గొంతు ఆయనది. పదకొండు పేరాలూ తడుముకోకుండా చదివారు. జనం చప్పట్లు కొట్టారు.

అధ్యక్షురాలు కళ్లు తెరిచింది. "మీ ఏడో పేరా నాకు రెండు వారాలుగా నిద్ర పట్టనివ్వడం లేదండీ. సంతకం పెట్టని సీనియరు సంగతి. దీనికి విరుగుడు మీరే ఏదైనా సూచించండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. కాగితం వెనక్కి తిప్పారు. అక్కడ ఏమీ లేదు. అప్పుడు ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. ఇరవై ఒక్క ఏళ్ల అలవాటు కదా, మెడ తిప్పి మూడో వరసకేసి చూశారు. ఆవిడ తల వంచుకుంది. "ఆలోచించి రాతపూర్వకంగా సమర్పిస్తాం" అని ఆయన కూర్చున్నారు.

తర్వాత పరీక్ష రాసినవాళ్లను పిలిచాం. ఒక కుర్రాడు ఏడ్చాడు, ఇంకొకతను మండలిని తిట్టాడు. మూడోది డ్రాఫ్టక్క. మైకు ముందు నిలబడి, కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంది.

"నేను ఏడుసార్లు తప్పానండి. దాని గురించి చెప్పడానికి రాలేదు. అలిసిపోయాను, అంతే. ఏడో పేరాకి జవాబు చెబుతాను."

మైకు కాస్త కిందికి దించుకుంది.

"సంతకం పెట్టే అధికారం ఒక్క సీనియరు చేతిలోనే పెట్టకండి. శిష్యుడు రాసిన పిటిషన్లు, ఉత్తరాలు, ఒక ఎనిమిదో తొమ్మిదో, పేర్లు కొట్టేసి మండలికి పంపించండి. ఎవరివో తెలియనివాళ్లు దిద్దుతారు. సీనియరుకి ముప్పై రోజులు గడువు పెట్టండి. సంతకమైనా పెట్టాలి, ఎందుకు పెట్టడం లేదో రాసైనా ఇవ్వాలి. ఏదీ చేయకపోతే పెట్టినట్టే లెక్క. శిష్యుడు మధ్యలో సీనియరుని మార్చుకోవచ్చు, అప్పటిదాకా చేసిన పని పోకూడదు. అలాగే పరీక్ష తీసెయ్యకండి. సీనియరు దొరకనివాళ్లు కూడా ఉంటారు. పుస్తకం ఇచ్చి రాయించండి. తప్పు ఎక్కడుందో వెతికే ప్రశ్న ఒకటైనా పెట్టండి."

ఇలా పదకొండు అభ్యంతరాల్లో ఎనిమిదింటికి వరసగా జవాబు చెప్పింది. రెండింటికి, "అవి నిజమేనండి, నా దగ్గర జవాబు లేదు" అంది. ఒకదాన్ని, "అది ఊరికే బరువు కోసం పెట్టింది" అని వదిలేసింది. ఎవరో నవ్వారు.

"ఉత్తరం ఇప్పుడేగా చదివారు ఆయన. ఇంత వరసగా ఎలా గుర్తుంది?" అని అడిగింది అధ్యక్షురాలు.

"నేనే టైపు చేశానండి. ఆ ఆఫీసులోనే పని."

"టైపు మాత్రమే చేశారా?"

నేను రాయడం ఆపి పెద్దాయన వైపు చూశాను. ఆయన ముందు కుర్చీ వెనక భాగాన్ని పట్టుకుని ఉన్నారు. లేస్తారనుకున్నాను. ఇవాళ్టికీ అనిపిస్తుంది, ఆ క్షణంలో లేచి ఉంటే ఆయన ఎంత పెద్దవాడయ్యేవారో అని. లేవలేదు.

"అవునండి, టైపే" అని డ్రాఫ్టక్క మైకు వదిలి తన చోటికి వెళ్లిపోయింది.

అయ్యాక మెట్ల దగ్గర ఆయన ఆవిడను ఆపారు. నేను కాగితాల పెట్టెతో వెనకే దిగుతున్నాను.

"ఏమ్మా, ఆ ఏడో పేరా... నా గురించేనా?"

"అందరి గురించీ రాశాను సార్."

"మూడుసార్లు చదివాను. నాకు తట్టలేదు." కాస్త ఆగి, "నేనెప్పుడూ నీకు అడ్డు చెప్పలేదే" అన్నారు.

"చెప్పలేదు సార్. రేపు పదింటికి గోదాము కేసు వాయిదా ఉంది. కట్ట మీ బల్ల మీద పెట్టాను."

సంస్కరణ రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మండలిలో లాగీ పీకీ చివరికి రెండు దారులూ ఒప్పుకున్నారు. ముప్పై రోజుల గడువు ఉంచారు, పేర్లు కొట్టేసి దిద్దడం ఉంచారు. ఒక్క చోట దెబ్బ పడింది. రెండేళ్ల పని కొత్త నిబంధన వచ్చిన రోజునుంచే లెక్క. అంతకుముందు చేసింది ఎంతైనా సరే, సున్నా. పాత పని కూడా లెక్కలోకి తీసుకోవాలని నేను వాదించాను. తొమ్మిది ఓట్లు అటు, నాలుగు ఇటు. ఆ సంగతి నా చేత్తోనే నోట్సులో రాశాను.

ఆవిడకు చెప్పడానికని వెళ్లాను. ఆవిడే అంది, "చదివాను. రెండేళ్లు కదా? ఇరవై రెండేళ్లు అయ్యాయి, ఇంకో రెండు. అయినా లెక్కలు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదమ్మా వాళ్లు మాత్రం."

పెద్దాయన కబురు తెలిసి వెంటనే పెన్ను తీశారట. "ఎక్కడ పెట్టాలో చెప్పు, ఇప్పుడే పెడతాను సంతకం" అన్నారట. పాతది చెల్లదని చెబితే పెన్నుకి మూత పెట్టేశారట. అప్పుడు ఆవిడ, తను నా దగ్గర చేరుతున్నానని చెప్పింది. "వెళ్లమ్మా, వెళ్లు" అన్నారు. వెళ్లిన మొదటి వారం రోజుకి నాలుగుసార్లు ఫోను చేశారు, ఏ కట్ట ఎక్కడుందో కనుక్కోవడానికి. రెండో వారం రెండుసార్లు. తర్వాత ఆయన కొత్త కేసులు తీసుకోవడం తగ్గించేశారు.

అలా నలభై నాలుగేళ్ల డ్రాఫ్టక్క నా శిష్యురాలైంది. వారానికొకసారి నేనొక ఫారం నింపాలి. అందులో 'మెరుగుపడవలసిన అంశాలు' అని ఒక గడి ఉంటుంది, ఖాళీగా వదిలితే మండలి తిప్పి పంపుతుంది. మొదటివారం ఆ గడి ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాను.

"ఏంటి, ముహూర్తం చూస్తున్నావా?" అంది.

"మీకు నేనేం రాయనక్కా?"

"కక్షిదారుతో మాట్లాడేటప్పుడు విసుక్కుంటుంది అని రాయి. నిజమేగా."

నిజమే. ఇరవై రెండేళ్లు ఆవిడ కాగితాలతో మాట్లాడింది, మనుషులతో కాదు. దర్జీని నాలుగు ప్రశ్నలడిగి లేచిపోయినట్టే అందరి దగ్గరా లేచిపోయేది. ఒకరోజు ఉద్యోగం పీకేశారని ఒక వాచ్‌మన్ వచ్చాడు. వాళ్ల అమ్మ ఆరోగ్యం, పక్కింటివాళ్ల కుక్క, అంటూ ఎక్కడెక్కడికో పోతున్నాడు. ఈవిడ మూడుసార్లు అడ్డం తగిలి, తీసేసిన ఉత్తరం ఎక్కడ అని అడిగింది. నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. చెప్పనిచ్చాం. ముప్పావు గంటకి, పోతూ పోతూ, జీతం కాగితాల మీద తనవి కాని సంతకాలున్నాయని చెప్పాడు. అసలు కేసు అదీ. అతను వెళ్లాక డ్రాఫ్టక్క తను రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టింది.

"ఇన్నేళ్లూ ఎంతమంది దగ్గర ఇలా మధ్యలో లేచిపోయానో" అంది.

ఆ వారం గడి నింపడానికి నాకు కష్టం కాలేదు. ఆ రెండేళ్లు ఆవిడకు ఊరికే పోలేదని చెప్పగలను. అలాగని తేలిగ్గానూ గడవలేదు. నడుం నొప్పితో గంటకోసారి లేచి నిలబడేది. కోర్టు వరండాల్లో కాళ్లరిగేలా తిరిగేది. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు 'ట్రైనీ' అని పిలిస్తే పలికేది. పంపిన తొమ్మిది డ్రాఫ్టుల్లో ఒకటి తిరిగొచ్చింది, మరీ క్లుప్తంగా ఉందని. ఆరోజు మాత్రం, "ఎవడో పేరు కనుక్కో, వాణ్ణి చూడాలి" అంది. మళ్లీ రాసి పంపింది.

లైసెన్సు వచ్చేసరికి నలభై ఏడు నడుస్తోంది. ప్రమాణం చేసే రోజు వాళ్లాయన, కూతురు, నేను వెళ్లాం. గుమ్మం దగ్గర గుమాస్తా డ్రాఫ్టక్కను చూసి, "తల్లిదండ్రులు అటువైపు కూర్చోవాలండి" అన్నాడు. ఆవిడ నిజంగానే అటువైపు రెండడుగులు వేసింది. కూతురు చేయి పట్టుకుని వెనక్కి లాగింది. నలభై మంది కుర్రకారు మధ్య నిలబడి ప్రమాణం చదివింది. గొంతు మామూలుగానే ఉంది. వాళ్లాయన మాత్రం చేతి రుమాలు తీసి, గ్రీజు లేకపోయినా వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

సంస్కరణ వల్ల అంతా బాగైపోయిందని చెప్పను. మేం తలిచినంత కాలేదు. కొత్త పరీక్ష దిద్దేవాళ్లు చాలక ఫలితాలు ఆలస్యమవుతున్నాయి. సీనియర్లలో సగం మంది ఆ వారం ఫారాలు నెలాఖరున ఒకేసారి నింపేస్తారు, అన్నింట్లోనూ 'సమయపాలన' అని రాసి. గడువు దాటించే లాయర్లు ఇప్పటికీ ఉన్నారు, కాస్త తగ్గారేమో. కమిటీలో నేను రాసిన నోట్సు నాలుగు సంపుటాలు మండలి లైబ్రరీలో ఉన్నాయి, ఎవరూ తీసినట్టు లేదు.

డ్రాఫ్టక్క మొదటి కేసు, ఆ వాచ్‌మన్‌లాంటివాళ్లే పదకొండు మంది కలిసి వేసిన జీతాల కేసు. పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చుంది. మధ్యాహ్నం మూడు దాటాక పిలిచారు. లేచి, పేరు చెప్పి, వాదన మొదటి వాక్యం ఎత్తుకోగానే అవతలి లాయరు వాయిదా అడిగాడు. జడ్జిగారు ఇచ్చేశారు. అంతా కలిపి రెండు నిమిషాలు.

ఆఫీసుకి వచ్చి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. చెప్పులు వదిలి, కాళ్లు ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది.

"ఎలా ఉందక్కా?" అన్నాను.

"కాళ్లు లాగేస్తున్నాయి" అంది. "ఆ పదకొండు మందిలో ఒకతను ఒక్క మాటా మాట్లాడలేదు. ఎందుకో కనుక్కోవాలి. రేపు రమ్మన్నాను."

ఇంకేదో చెప్పబోయి, అలాగే కునుకు తీసింది. నేను ఫోను మోగకుండా నొక్కిపెట్టి, తలుపు దగ్గరగా వేశాను.